మాంసం లేదు కదా?

సిన్సినాటిలో మా ఇంటికి ఐదు నిమిషాల నడకలో ఒక చిల్లీ పార్లర్ ఉంది. పేరు చెప్పను. చెప్పబోయేది ఆ హోటల్ తప్పు కాదు, కాబట్టి చెప్పినా ఫరవాలేదేమో. కానీ ఇలాంటి కథలో పేరు చెప్పగానే తప్పు వాళ్ళ మీదికి జారిపోతుంది. అది నాకిష్టం లేదు.

ఊరికి పడమటి వైపు గుట్టల మీద, పాత ఇటుక ఇళ్ళ మధ్య ఒక వీధి మొగలో ఉంటుందా హోటల్. లోపలికి వెళ్ళగానే ఎడమ చేతి వైపు పొడవాటి చెక్క బార్. దాని వెనక అద్దం, అద్దం పైన హుడెపోల్ బీరు తాలూకు పాత రేకు బోర్డు. కుడి వైపు ఎర్ర రెక్సిన్ సీట్లు, చిరిగిన చోట అదే రంగు టేపు అంటించి ఉంటుంది. రెడ్స్ జట్టు బేస్‌బాల్ ఆడే రోజైతే టీవీ మోగుతూ ఉంటుంది, లేకపోతే మూగగా నడుస్తూ ఉంటుంది. బార్ పైన కొక్కేలకు ముప్పై నలభై మగ్గులు వేలాడుతుంటాయి. ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళకు ఎవరి మగ్గు వాళ్ళకుంటుంది. మనిషి తలుపు తీసేసరికి మగ్గు కొక్కెం మీంచి దిగుతుంది.

తెలుగువాళ్ళకి చిల్లీ అంటే మిరపకాయ. అమెరికాలో చిల్లీ అంటే ఒక వంటకం: మాంసాన్ని మిరపపొడి, జీలకర్ర వేసి గంటల తరబడి ఉడికించిన కూర. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో కూడళ్ళలో మెక్సికన్ ఆడవాళ్ళు రాత్రిపూట దీన్ని అమ్మేవాళ్ళు. వాళ్ళకి 'చిల్లీ క్వీన్స్' అని పేరు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ దుకాణం పెట్టాక మిగతా దేశానికీ దాని రుచి తెలిసింది. 1977లో టెక్సస్ శాసనసభ దాన్ని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. అందులో చిక్కుడు గింజలు వెయ్యచ్చా, వెయ్యకూడదా అన్నది అక్కడ పెద్ద తగాదా. గోంగూర పచ్చట్లో ఉల్లిపాయ నూరాలా నంజుకోవాలా అని మనం వాదించుకున్నంత పట్టుదలగా వాదించుకుంటారు.

సిన్సినాటి చిల్లీ దారి వేరు. 1922లో మాసిడోనియా ప్రాంతం నుంచి వలస వచ్చిన కిరాజీఫ్ సోదరులు ఎంప్రెస్ అనే థియేటర్ పక్కన చిన్న కొట్టు పెట్టారు. మాంసాన్ని వేయించకుండా నీళ్ళలోనే మెత్తగా ఉడికించి, దాల్చినచెక్క లాంటి దినుసులు వేసి, దాన్ని స్పగెట్టీ మీద పోసి అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత 1949లో ఒక గ్రీకు కుటుంబం స్కైలైన్, 1965లో జోర్డాన్ నుంచి వచ్చిన అన్నదమ్ములు గోల్డ్ స్టార్ పెట్టారు. ఊరి వంటకం అని ఊరంతా గర్వంగా చెప్పుకునేది పూర్తిగా వలస వచ్చినవాళ్ళ చేతి వంట. ఆర్డరివ్వడానికి దీనికో లెక్క ఉంది. స్పగెట్టీ, చిల్లీ, పైన తురిమిన చెడ్డర్ చీజు కొండలా పోస్తే త్రీవే. ఉల్లిపాయలో రాజ్మా గింజలో చేరిస్తే ఫోర్‌వే, రెండూ వేస్తే ఫైవ్‌వే. పక్కన చిన్న చిన్న గుండ్రటి బిస్కట్లు ఇస్తారు. స్పగెట్టీని ఫోర్కుకి చుట్టకూడదు, కేకు కోసినట్టు నిలువుగా కోసుకు తినాలి. చుట్టావంటే పై ఊరివాడివని తెలిసిపోతుంది.

మాది గుంటూరు జిల్లా. మిరపకాయ ఈ ఖండం నుంచే పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది. ఆ మిరపకాయ పేరు పెట్టుకున్న కూరలో కారం లేకపోవడం, పైగా దాల్చినచెక్క వాసన రావడం నాకు మొదట్లో నవ్వు తెప్పించింది. మా ఆవిడకి ఆ వాసన పడదు. అందుకని గురువారాలు ఆఫీసు అయ్యాక నేనొక్కడినే వెళ్ళేవాడిని. ఆరేళ్ళు వెళ్ళాను.

శాకాహారికి చిల్లీ పార్లర్‌లో పనేమిటి అని అడగచ్చు. మొదటిసారి బయట మంచు పడుతుంటే చలికి తాళలేక లోపలికి వెళ్ళాను. అరవై దాటిన వెయిట్రెస్ వచ్చి నిలబడింది. మెనూ అంతా చూసి, చిల్లీ తీసేసి స్పగెట్టీ, రాజ్మా, ఉల్లిపాయ, చీజు ఇవ్వగలరా అని అడిగాను. అడిగి, "మాంసం లేదు కదా?" అన్నాను. "నో మీట్, హనీ" అంది. ఇంగ్లీషులోనే అడిగినా, నా ప్రశ్న పుట్టింది తెలుగులో. ఆ 'కదా' దగ్గరికి మళ్ళీ వస్తాను.

గింజలు చాలా బాగున్నాయి. మనం ఇంట్లో వండుకునే రాజ్మాలా లేవు. కట్టెలపొయ్యి మీద వండినట్టు ఏదో పొగ వాసన, నాలుక మీద ఏదో నునుపు. సాస్ సీసా సగం వంచుకుని తిన్నాను. మూడో వారానికి నేను కూర్చోగానే ఆవిడ వంటింటి వైపు తిరిగి "నా స్నేహితుడి ఫోర్‌వే" అని కేకేసేది. రెండో ఏడు చివర్లో నాకూ ఒక మగ్గు ఇచ్చారు. నేను బీరు పెద్దగా తాగను. అల్లంసోడా పోసుకునేవాడిని. అయినా ఆ మగ్గు కొక్కేనికి తగిలించిన రోజు, పౌరసత్వం వచ్చిన రోజు కన్నా ఎక్కువ సంతోషించానంటే అబద్ధం కాదు.

పోయిన చలికాలంలో మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక హైదరాబాదీ కుర్రాణ్ణి తీసుకెళ్ళాను. ముస్లిం. ఇక్కడ హలాల్ మాంసం దొరకని చోట శాకాహారమే తింటాడు. "నాది నువ్వూ తిను, ఏ గొడవా ఉండదు" అన్నాను పెద్దరికంగా. ఆవిడ వచ్చింది. అతను మెనూ మూసి, నవ్వుతూ, "గింజల్లో ఏమేం వేస్తారు?" అని అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలు, పొగబెట్టిన పంది కాలి ముక్క అని చెప్పింది. వంటవాడు కెంటకీ కొండల్లోంచి వచ్చిన కుటుంబంవాడు, వాళ్ళమ్మ అలాగే వండేది, అందుకే ఆ రుచి అని మెచ్చుకోలుగా కూడా అంది.

అతను చీజు శాండ్‌విచ్ చెప్పాడు. నేను ఏం చెప్పానో గుర్తులేదు. ఆరేళ్ళలో నేను అడగని ప్రశ్న అడగడానికి అతనికి నాలుగు సెకన్లు పట్టింది. కారులో కూర్చున్నాక అతనే అన్నాడు: "నేను ఊకె అడుగుత భాయ్. చిన్నప్పటి సంది అలవాటు. అడగకుంటే నాకెవ్వరు చెప్తరు?"

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "తెలియక తిన్నది పాపం కాదులెండి" అంది. అమ్మకి చెప్పినా అదే అనేది. మనవాళ్ళందరి దగ్గరా సిద్ధంగా ఉండే మాట అది. ఓదార్పుగా బాగానే ఉంటుంది. కానీ నాకు నిజంగా తెలియదా అన్న అనుమానం ఆ రాత్రే మొదలైంది.

ముందు ఆవిడ సంగతి. ఆవిడ అబద్ధం చెప్పిందా? ఆ పేటంతా కేథలిక్కులు. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల్లో వచ్చే శుక్రవారాలు మాంసం తినరు. చర్చిల్లో చేపల వేపుళ్ళ విందులు పెడతారు. ఈ ఊళ్ళోనే ఒక మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీ యజమాని శుక్రవారాల్లో బేరం పడిపోతోందని 1962లో చేప శాండ్‌విచ్ మొదలుపెట్టాడు. అది తర్వాత ప్రపంచమంతా పాకింది. ఈ లోకంలో చేప మాంసం కాదు. అంతేకాదు, 1966లో ఆరో పాల్ పోపు ఇచ్చిన ఉపవాస నియమాల్లో మాంసం నిషిద్ధమే గానీ గుడ్లు, పాల పదార్థాలు, జంతువుల కొవ్వుతో చేసిన రుచి దినుసులు నిషిద్ధం కావని స్పష్టంగా ఉంది. ఆవిడ చిన్నప్పటి నుంచి పాటించిన 'నో మీట్' ఇది. గింజల్లో రుచి కోసం వేసిన ఎముక ఆవిడ లెక్కలో తాలింపు లాంటిది. నేను మాంసం ఉందా అని అడిగాను, ఆవిడ మాంసం లేదంది. ఒకే మాటతో ఇద్దరం రెండు వేర్వేరు విషయాలు మాట్లాడుకున్నాం, ఆరేళ్ళు.

ఇక నా సంగతి. "మాంసం లేదు కదా?" అన్నది పైకి ప్రశ్నే. కానీ తెలుగులో 'కదా' చేర్చామంటే జవాబు ముందే పెట్టేసి, ఎదుటివాళ్ళని తల ఊపమని అడుగుతున్నట్టు. "అంతా బాగున్నారు కదా?" అంటే బాగోలేదని ఎవరూ చెప్పరు. నేను తెలుసుకోవడానికి అడగలేదు, తినడానికి అనుమతి కోసం అడిగాను. అతను అడిగిన "ఏమేం వేస్తారు?" వేరే జాతి ప్రశ్న. దానికి ఏ జవాబైనా రావచ్చు. వచ్చినదాన్ని బట్టి లేచి వెళ్ళిపోవలసి రావచ్చు కూడా.

పైగా ఆ పొగ వాసన. అది ఏమిటని నాకు ఒక్కసారైనా తట్టలేదా? తట్టింది. రెండుమూడుసార్లు చెంచా నోటి దగ్గర పెట్టుకుని ఆగాను. ఎండుమిరపకాయల్ని పొగబెట్టి ఉంటార్లే అని నాకు నేనే చెప్పుకున్నాను. వంటిల్లు పది అడుగుల దూరంలో ఉంది. వెళ్ళి అడిగితే జవాబు వస్తుంది. ఆ జవాబు ఒకవేళ నేను భయపడ్డదే అయితే గురువారాలు పోతాయి, ఫోర్‌వే పోతుంది, మగ్గు కొక్కేనికి ఊరికే వేలాడుతుంది. అందుకని అడగలేదు.

పాళీ గ్రంథాల్లో జీవక సుత్తం అని ఒకటుంది. భిక్షువులు మాంసం తినచ్చా అన్న ప్రశ్నకి బుద్ధుడు అందులో ఒక కొలత చెప్తాడు. తన కోసమే ఆ ప్రాణిని చంపారని భిక్షువు చూసి ఉండకూడదు, విని ఉండకూడదు, అనుమానించి ఉండకూడదు. మొదటి రెండూ ఏ న్యాయస్థానమైనా అడిగేవే. మూడోది మాత్రం మనిషి లోపలికి వెళ్ళి చూస్తుంది. నా కేసు భిక్షువుల కేసు కాదు, ఆ పందిని ఎవరూ నా కోసం చంపలేదు. అయినా ఆ కొలతలో అనుమానాన్ని చేర్చడం నన్ను పట్టుకుంది. చూడలేదు, వినలేదు అని ప్రమాణం చెయ్యగలను. మూడోదాని దగ్గర ఆగిపోతాను.

అరిస్టాటిల్ నికొమాకియన్ ఎథిక్స్ మూడో భాగంలో తెలియక చేసిన పనుల గురించి మాట్లాడతాడు. తెలియక చేసి, తెలిశాక బాధపడినవాడిది ఇష్టంలేని పని. తెలిశాక బాధ కూడా పడనివాడికి ఆ పేరు ఇవ్వడానికి ఆయన ఒప్పుకోడు. తాగి తప్పు చేసినవాడికి రెట్టింపు శిక్ష వేసే చట్టాల్ని కూడా ప్రస్తావిస్తాడు. ఎందుకంటే ఆ మైకం వాడు తెచ్చిపెట్టుకున్నది, తాగకుండా ఉండటం వాడి చేతుల్లో ఉంది. నేను బార్‌లో కూర్చుని ఆరేళ్ళూ అల్లంసోడాయే తాగాను. అయినా తెచ్చిపెట్టుకున్న మైకం నాకూ ఒకటుంది.

సరే, బాధపడ్డాను కదా, ఆ పరీక్షలో నెగ్గినట్టేనా? ఇక్కడే నాకు అసలు చిక్కు వచ్చింది. బాధపడింది దేనికి?

ఇరవై ఏళ్ళుగా ఇక్కడివాళ్ళు నన్ను మాంసం ఎందుకు తినవని అడిగితే జంతువుల మీద జాలి అని చెప్తున్నాను. మర్యాదగా ఉండే జవాబు అది. ఎదుటివాళ్ళు గౌరవంగా తలూపుతారు. నిజంగా జాలే అయితే, ఆ రాత్రి నాకు ఆ పంది గుర్తుకు రావాలి. ఒక్కసారి కూడా రాలేదు. నాకు గుర్తొచ్చినవి నా నోరు, నా పొట్ట, ఆరేళ్ళు అంటే ఎన్ని గిన్నెలన్న లెక్క. మూడుసార్లు పళ్ళు తోముకున్నాను. జాలిపడ్డ మనిషి పళ్ళు తోముకోడు.

జాలే అయితే వేరే చోట్ల కూడా అడిగి ఉండాల్సింది. నా గిన్నె మీద పోసిన చెడ్డర్ చీజుని పాలు విరగ్గొట్టి చెయ్యాలంటే రెన్నెట్ కావాలి. తరతరాలుగా దాన్ని లేగదూడ పొట్టలోంచి తీశారు. 1990 నుంచి అమెరికాలో ప్రయోగశాలలో చేసిన రెన్నెట్‌కి అనుమతి వచ్చి, ఇప్పుడు ఎక్కువ చీజు దానితోనే చేస్తున్నారు. కానీ నా గిన్నెలో ఏ చీజు పడుతోందో ఒక్కసారీ అడగలేదు. అసలు ఈ ఊరే పందుల మీద లేచిన ఊరు. పంతొమ్మిదో శతాబ్దంలో దీన్ని 'పోర్కోపోలిస్' అనేవాళ్ళు. అంత కొవ్వు చవగ్గా దొరికే చోట 1837లో ఒక కొవ్వొత్తుల వ్యాపారీ, ఒక సబ్బుల వ్యాపారీ కలిసి ప్రాక్టర్ అండ్ గేంబుల్ పెట్టారు. నది ఒడ్డున పార్కులో 1988లో పెట్టిన రెక్కల పందుల విగ్రహాల ముందు నిలబడి మా పిల్లలకు ఫొటోలు కూడా తీశాను. అప్పుడేమీ అనిపించలేదు. ధర్మవ్యాధుడు కౌశికుడికి చెప్పిన మాట మనకు కొత్త కాదు. నాగలి కింద నలిగే పురుగుల దగ్గర్నుంచి లెక్క వేస్తే హింస లేని బతుకు ఎవరికీ లేదంటాడు. ఆయన మాంసం అమ్ముతాడు, తినడు. ఎక్కడ గీత గీశాడో, ఎందుకు గీశాడో ఆయనకి తెలుసు. నాకు నా గీత ఎక్కడుందో తెలుసు, ఎందుకుందో తెలియదని ఆ వారం అర్థమైంది.

అయితే ఊరుకున్నవాడిదే తప్పంతా అని కూడా అనలేను. 2001లో అమెరికాలో కొంతమంది హిందువులు, శాకాహారులు మెక్‌డొనాల్డ్స్ మీద కేసు వేశారు. 1990లో వేపుళ్ళకు పూర్తిగా వెజిటబుల్ నూనెలకు మారామని చెప్పిన కంపెనీ, బంగాళాదుంప వేపుళ్ళలో రుచికి బీఫ్ సారం వాడుతున్నట్టు బయటపడింది. 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అక్కడ అడిగినా సరైన జవాబు రాని పరిస్థితి. అడిగే హక్కు, చెప్పే బాధ్యత రెండూ చట్టంలోకి రావలసినవే. నా విషయంలో అడిగితే జవాబు సిద్ధంగా ఉంది. ఆవిడ దాన్ని గర్వంగా చెప్పింది కూడా.

మరి పంది కోసం కాకపోతే నా బాధ దేనికోసం? తాకిడి కోసం. అది నాలోకి వచ్చిందన్నదే బాధ. ఈ మాట ఒప్పుకున్నాక నాకు ఒక గ్లాసు గుర్తొచ్చింది.

మా ఊళ్ళో మా ఇంటి వెనక వసారా చూరులో ఒక గ్లాసు దోపి ఉండేది. అది మా పాలేరుది. పొద్దున్నే ఆయన ఆ గ్లాసు తీసి, కడిగి పట్టుకుంటే, మా నాయనమ్మ పైనుంచి కాఫీ పోసేది, గిన్నె అంచు గ్లాసుకి తగలకుండా. తాగాక మళ్ళీ కడిగి ఆయనే చూరులో దోపేవాడు. మా నాన్న కన్నా పెద్దవాడు, నన్ను "అబ్బాయిగారూ" అనేవాడు. నేను ఆయన్ని "ఒరే" అనేవాడిని. ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి ఆ గ్లాసు అక్కడెందుకు పెట్టారని నాయనమ్మని అడిగాను. "అది వాడిది" అంది. అంతటితో ఊరుకున్నాను. ఎవరి గ్లాసు వాళ్ళకుండటం ఒక గౌరవం అని అనుకున్నట్టున్నాను. బార్ పైన నా మగ్గు వేలాడదీసిన రోజు నాకు కలిగిన సంతోషం నిజమే. కానీ తనకంటూ ఒక గ్లాసు ఉన్న మనిషిని నేను అంతకు ముందే చూశాను. అది ఆయనకి ఏమనిపించేదో అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

మాంసం తినకపోవడం, మనిషిని దూరం పెట్టడం రెండూ ఒకటే అని నేననడం లేదు. జంతువుల కోసమే మానేసినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. కానీ నాకు శాకాహారం అబ్బింది ఆ ఇంట్లో, బ్రాహ్మణ ఇంట్లో, గిన్నె అంచు తగలకుండా కాఫీ పోసిన చేతుల మీదుగానే. ఆ రెండిటినీ నేను ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. విడదీయడానికి అవసరం రాలేదు. పంది ఎముక ఆ అవసరం తెచ్చింది.

ఆ హైదరాబాదీ కుర్రాడితో తర్వాత ఒకరోజు ఇదంతా చెప్పాను. విని, తను కూకట్‌పల్లిలో ఇల్లు వెతికిన రోజుల గురించి చెప్పాడు. ఫోన్లో అంతా మాట్లాడుకున్నాక, పేరు చెప్పగానే, "మీరు వెజిటేరియన్సేనా?" అనేవాళ్ళట. "నేను వెజ్జే తింటా అని చెప్పినా ఇయ్యలే భాయ్. వాళ్ళు అడిగేది కూర గురించి కాదు" అన్నాడు. నేను తల దించుకున్నాను. గుంటూరులో మా ఇంటి పై వాటా గేటుకి ఈనాటికీ 'శాకాహారులకు మాత్రమే' అన్న బోర్డు ఉంది. ఆ ఇల్లు కట్టడానికి సగం డబ్బు నేను పంపాను. చూరులో గ్లాసు పోయి ముప్పై ఏళ్ళయింది. గేటుకి బోర్డు వచ్చింది.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసి బోర్డు తీసేద్దామన్నాను. "ఎందుకురా? వాళ్ళ వాసనలు మీ అమ్మకి పడవు" అన్నారు. వాళ్ళంటే ఎవరు నాన్నా అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. "నీకు తెలీదా ఏంటి?" అన్నారు చివరికి. తెలుసు. ఇద్దరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎప్పుడూ పైకి అనుకోలేదు. బోర్డు ఇంకా ఉంది. నేను ప్రతి ఆదివారం అడుగుతున్నాను. ఈ మధ్య అమ్మ, "నాకేం, కిటికీ వేసుకుంటా" అంటోంది వెనకనుంచి.

రెండు నెలల తర్వాత చిల్లీ పార్లర్‌కి వెళ్ళాను. ఆవిడ "ఎక్కడికి పోయావు?" అంటూ మగ్గు దించబోయింది. నేను ఉండమని, గింజల్లో పంది ముక్క వేస్తారని నాకు మొన్నే తెలిసిందని, నేను అది తిననని చెప్పాను. "ప్లీజ్?" అంది. ఈ ఊళ్ళో పాతతరంవాళ్ళు మాట వినపడకపోతే అలాగే అంటారు, మళ్ళీ చెప్పమని. జర్మన్ నుంచి వచ్చిన అలవాటట. మళ్ళీ చెప్పాను. ఈసారి కదాలు లేకుండా చెప్పాను.

ఆవిడ మొహం పాలిపోయింది. ఎదురుగా కూలబడి, "నువ్వు మాంసం గురించి కదా అడిగావు, బాబూ. నాకు ముందే చెప్పచ్చు కదా" అంది. నిజమే అన్నాను. తప్పు నీది కాదని కూడా చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు, ఆరేళ్ళు అని తనలో తనే రెండుసార్లు అనుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి వచ్చి, డబ్బా గింజలు విడిగా చిన్న గిన్నెలో వేడిచేసి ఇస్తామంది. గిన్నె వేరే పెడతాం, గరిటె కూడా వేరే పెట్టాలా అని అడిగింది. అలెర్జీ ఉన్నవాళ్ళకి అలాగే చేస్తారట.

నాకు అలెర్జీ లేదు. ఎముక వద్దన్నాను. ఆ నిర్ణయానికి నా దగ్గర ఒక కారణం ఉంది, దాన్ని ఆ పందికీ నాకూ మధ్యే ఉంచుకోగలను. గరిటె దగ్గరికి వచ్చేసరికి వేరే గరిటె ఎందుకో చెప్పడానికి నా దగ్గర ఉన్న కారణమల్లా ఆ వసారాలోంచి తెచ్చుకున్నదే. అమ్మ దీనికి ఒప్పుకోదు. మా ఆవిడ కూడా అంతదాకా ఎందుకండీ అంది.

గింజలు వచ్చాయి. డబ్బా గింజలు కదా, చప్పగా ఉన్నాయి. సాస్ పోసుకున్నాను. వంటింటి తలుపు తెరిచే ఉంది, లోపల ఏ గరిటె ఏ గిన్నెలోకి వెళుతోందో కూర్చున్న చోటినుంచే చూడచ్చు. నేను అటు చూడలేదు, అడగలేదు. ఈసారి తెలిసే అడగలేదు.